ఇంజిన్ ఆయిల్ మట్టం: డిప్‌స్టిక్ ఎప్పుడు నిజం చెబుతుంది?

ఒకే కారు, ఒకే రోజు. ఉదయం ఇంజిన్‌ను కదిలించకముందు చూస్తే ఆయిల్ పై గీతకు కాస్త దిగువన ఉంటుంది. మధ్యాహ్నం పెట్రోలు బంకులో ఆగిన వెంటనే చూస్తే కింది గీత దగ్గరకు పడిపోయినట్లు కనిపిస్తుంది. సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే వాలులో నిలిపి చూస్తే పై గీతను దాటి ఉంటుంది. ఈ మూడు వేళల మధ్య ఇంజిన్‌లో ఆయిల్ తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు. మారినదల్లా చూసిన తీరు.

మధ్యాహ్నపు లెక్కను నమ్మినవారు అవసరం లేకపోయినా అర లీటరు పోయించుకుంటారు. సాయంత్రపు లెక్కను నమ్మినవారు ఆయిల్ నిజంగా తగ్గినప్పుడు కూడా నిశ్చింతగా ఉండిపోతారు. రెండూ ఇంజిన్‌కు చేటే. ఆయిల్ అందక బేరింగులు అరిగిన ఇంజిన్‌ను విప్పి బాగుచేయించడం కారు యజమానికి ఎదురయ్యే అతి పెద్ద ఖర్చుల్లో ఒకటి. దానిని ముందే పసిగట్టే సాధనం మాత్రం ఒక సన్నని లోహపు పుల్ల, ఒక గుడ్డ ముక్క.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో డ్రైవర్లు పొద్దున్నే బానెట్ ఎత్తి ఆయిల్, నీళ్లు చూసుకుని, చక్రాల్లో గాలి తట్టి చూసి గాని బండి తీసేవారు కాదు. ఇంజిన్లు మెరుగుపడ్డాయి, ఆయిళ్లు మెరుగుపడ్డాయి, సర్వీసు గడువు చాలా కార్లకు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో చేరింది. దానితో పాటు ఆ ఉదయపు అలవాటు కూడా పోయింది. సర్వీసుకు, సర్వీసుకు మధ్య బానెట్ ఒక్కసారైనా తెరవని యజమానులు నేడు కోకొల్లలు.

సంపులో ఏం జరుగుతుంది?

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే తొట్టిని సంప్ అంటారు. ఇంటి ముందు నీళ్ల సంపుకు వాడే మాటే ఇది. గ్యారేజీల్లో చాంబర్ అన్న పేరు ఎక్కువగా వినిపిస్తుంది. చిన్న పెట్రోలు కార్లలో ఇందులో సుమారు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. పెద్ద డీజిల్ వాహనాల్లో ఐదారు లీటర్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ. పంపు ఈ ఆయిల్‌ను పీల్చి, వడపోసి, సన్నని దారుల గుండా క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు, పైనున్న కామ్ షాఫ్ట్‌కు, టర్బో ఉంటే దాని బేరింగుకు పంపుతుంది. పని పూర్తయిన ఆయిల్ గోడల వెంట జారుతూ మళ్లీ సంపులోకి చేరుతుంది.

డిప్‌స్టిక్ కొలిచేది సంపులో ఉన్న ఆయిల్‌ను మాత్రమే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్‌లో గణనీయమైన భాగం పైన, దారుల్లో, వడపోత డబ్బాలో ఉంటుంది. ఆపిన మరుక్షణం పుల్ల తీస్తే ఆ భాగం లెక్కలోకి రాదు. బంకులో కనిపించే తప్పుడు తగ్గుదలకు కారణం ఇదే. వేడి ఆయిల్ పలుచగా ఉండి త్వరగా దిగుతుంది. చల్లటిది చిక్కగా, నిదానంగా దిగుతుంది. కాబట్టి ఇంజిన్‌ను రెండు నిమిషాలు ఆన్ చేసి ఆపేసి చూడటం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అప్పుడు ఆయిల్ పైకి వెళ్లి ఉంటుంది, కిందికి దిగేంత వేడెక్కి ఉండదు.

రెండో కారణం వ్యాకోచం. ఇంజిన్ ఆయిల్ ఒక్కో డిగ్రీ వేడికి తన పరిమాణంలో సుమారు పదివేలలో ఏడు వంతులు పెరుగుతుంది. నాలుగు లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 90 డిగ్రీలకు చేరితే పెరిగే పరిమాణం దాదాపు 170 మిల్లీలీటర్లు. పుల్ల మీద రెండు గీతల మధ్య దూరం చాలా కార్లలో లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే కేవలం వేడి వల్లనే మట్టం ఆ దూరంలో ఆరో వంతు దాకా కదలగలదు.

అన్నింటికన్నా ఎక్కువగా మోసం చేసేది నేల వాలు. పుల్ల దిగే చోటు సంపు నడిమధ్యలో ఉండటం అరుదు. అది మధ్యబిందువు నుంచి పది సెంటీమీటర్లు పక్కకు ఉందనుకుంటే, ఐదు డిగ్రీల వాలులో అక్కడి మట్టం తొమ్మిది మిల్లీమీటర్ల మేర పైకో కిందికో జరుగుతుంది. రెండు గీతల మధ్య దూరమే రెండు సెంటీమీటర్లు ఉన్న పుల్ల మీద ఇది దాదాపు సగం. ఐదు డిగ్రీలంటే పెద్ద వాలేమీ కాదు, చాలా సెల్లార్ దారులు ఇంతకన్నా నిటారుగానే ఉంటాయి. వర్షపు నీరు పోవడానికి బంకుల నేలను సైతం కొద్దిగా వంచి కడతారు. చక్రం కింద రాయి ఉన్నా, ఒక టైరులో గాలి బాగా తగ్గినా ఎంతో కొంత తేడా వస్తుంది.

నేల సమంగా ఉందో లేదో కంటికి తెలియనప్పుడు ఒక సులభమైన పరీక్ష ఉంది. ఒకసారి కొలిచాక కారును అదే చోట ముందు వెనుకలు తారుమారు చేసి నిలిపి మళ్లీ కొలవాలి. రెండు కొలతలూ ఒకటే అయితే ఆ చోటు నమ్మదగినది. తేడా వస్తే అసలు మట్టం ఆ రెండింటికీ నడుమ ఉంటుంది. ఒకసారి మంచి చోటు దొరికాక ప్రతిసారీ అక్కడే చూడటం మేలు.

వేడిగానా, చల్లగానా?

ఈ ప్రశ్నకు మెకానిక్‌లు భిన్నమైన జవాబులిస్తారు, ఎవరికి వారు తమదే సరైనదంటారు. వాస్తవానికి జవాబు కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది, అది అన్ని కార్లకూ ఒకటి కాదు. ఎక్కువ మంది తయారీదారులు చెప్పేదేమంటే ఇంజిన్‌ను మామూలుగా నడిచే వేడికి తెచ్చి, సమమైన నేల మీద ఆపి, మూడు నుంచి పది నిమిషాలు ఆగి చూడాలి. కొందరు చల్లటి ఇంజిన్‌నే చూడమంటారు. పుల్ల మీది గీతలను తయారీదారు ఏ స్థితిని లెక్కలోకి తీసుకుని గీశాడో ఆ స్థితిలో చూసినప్పుడే వాటికి అర్థం.

మాన్యువల్ దొరకనప్పుడు రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయం కదిలించకముందు చూడటం సురక్షితమైన మార్గం. ఆయిల్ అప్పటికి పూర్తిగా దిగి ఉంటుంది, వేడి వల్ల కలిగే తేడా ఎంతో ముందే తెలుసు. ఎలా చూసినా తదుపరి కొలతను అదే పద్ధతిలో తీసుకోవాలి. ఒక నెల వేడిగా, మరో నెల చల్లగా చూసి ఆయిల్ తగ్గిందని ఆందోళన చెందడం వృథా.

అరుదుగా దీనికి పూర్తి విరుద్ధమైన కార్లూ ఉన్నాయి. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పాత పోర్షే 911లలో, అంటే 1998 వరకు తయారైన వాటిలో, ఆయిల్ విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. వాటిలో ఇంజిన్ బాగా వేడెక్కి, నిలిచిన చోట నెమ్మదిగా నడుస్తుండగానే పుల్లను చూడాలి. ఆపి చూస్తే మట్టం తక్కువగా కనిపించి, యజమాని అనవసరంగా ఆయిల్ పోసే ప్రమాదం ఉంటుంది. కొన్ని ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ద్రవానికి మరో పుల్ల ఉంటుంది. దానిని కూడా ఇంజిన్ నడుస్తుండగానే చూడమని చెబుతారు. ఈ రెండింటినీ కలిపేసుకుని ఇంజిన్ ఆయిల్‌ను సైతం నడుస్తుండగా చూసేవారు అక్కడక్కడా కనిపిస్తారు.

పుల్లను చదవడం

హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, తాళం తీసేయాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టవచ్చు, కాబట్టి చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులు దాని దరిదాపులకు రాకుండా చూసుకోవాలి. డిప్‌స్టిక్ పిడి చాలా కార్లలో పసుపు రంగులోనో నారింజ రంగులోనో ఉంటుంది.

తొలిసారి బయటకు తీసిన పుల్ల మీది గుర్తును పట్టించుకోనక్కర లేదు. ప్రయాణంలో ఎగిసిన ఆయిల్ పుల్లకు, అది దిగే గొట్టానికి అంటుకుని ఉంటుంది. పోగులు ఊడని గుడ్డతో పుల్లను శుభ్రంగా తుడవాలి. గ్యారేజీల్లో వాడే వేస్ట్ నూలు చేతులు తుడుచుకోవడానికి మంచిదే గాని పుల్లకు పనికిరాదు, దాని పోగులు ఆయిల్‌లోకి చేరతాయి. తుడిచిన పుల్లను వెంటనే దించకుండా అర నిమిషం ఆగితే మరీ మంచిది. కొన్ని ఇంజిన్లలో పిడి దగ్గరి రబ్బరు చుట్టు గొట్టాన్ని బిగుతుగా మూసేస్తుంది. అది తెరిచాక గాని గొట్టంలోని ఆయిల్, సంపులోని ఆయిల్ ఒకే మట్టానికి రావు.

ఇప్పుడు పుల్లను పిడి పూర్తిగా ఆనే వరకు దించి, నేరుగా పైకి తీయాలి. తీశాక తల పైకెత్తి పట్టుకుంటే ఆయిల్ కిందికి జారి గుర్తు చెదిరిపోతుంది. మొనను కిందికే ఉంచి, లేదా గుడ్డ మీద అడ్డంగా పెట్టి చదవాలి. రెండు వైపులా చూడటం తప్పనిసరి. గొట్టం వంపులో పుల్ల ఒక వైపు గోడకు రాసుకుని అక్కడ ఆయిల్ పైదాకా అంటుతుంది. రెండు వైపులా వేర్వేరుగా కనిపిస్తే తక్కువ చూపించే వైపునే నమ్మాలి. పుల్ల వెడల్పంతా ఆయిల్ నిండుగా తడిపిన చోటే అసలు మట్టం. దాని పైన మరకలుగా, చారలుగా కనిపించేది లెక్కలోకి రాదు. కొత్తగా మార్చిన ఆయిల్ తేనె రంగులో పారదర్శకంగా ఉండి కంటికి ఆనదు. పుల్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తడి, పొడి భాగాల మధ్య హద్దు తెలుస్తుంది. అనుమానం ఉంటే మళ్లీ తుడిచి మళ్లీ చూడాలి. రెండు కొలతలు వరుసగా ఒకేలా వచ్చేవరకు ఏ నిర్ణయానికీ రాకూడదు.

గుర్తులు కారును బట్టి మారతాయి. కొన్నింటిలో రెండు గీతలు, కొన్నింటిలో రెండు రంధ్రాలు, మరికొన్నింటిలో గళ్లు చెక్కిన పట్టీ, లేదా ఫుల్, లో అన్న మాటలకు సంకేతంగా ఆంగ్లాక్షరాలు. వాటి నడుమ ఎక్కడున్నా ఇంజిన్‌కు ప్రమాదం లేదు. పై గీతను ముట్టి ఉండాలన్నది నియమం కాదు, కేవలం అలవాటు. దూరప్రయాణానికి ముందు మట్టం పై సగంలో ఉంటే చాలు.

ఎంత పోయాలి?

కింది గీత దగ్గర ఉంటే ఒకేసారి లీటరు పోసేయడం సాధారణంగా జరిగే పొరపాటు. పావు లీటరు పోసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ చూసి, అవసరమైతే ఇంకో పావు పోయడం సరైన పద్ధతి. పైనుంచి పోసిన ఆయిల్ సంపుకు చేరడానికి సమయం పడుతుంది. ఆయిల్‌తో పాటు ఫిల్టరును కూడా మార్చినప్పుడు ఇంజిన్‌ను కాసేపు నడిపి, ఆపి, మళ్లీ చూడాలి. ఖాళీ ఫిల్టరు నిండేసరికి మట్టం కొంత దిగుతుంది.

ఏ ఆయిల్ పోయాలన్నది డబ్బా మీది అంకెలు చెబుతాయి. 5డబ్ల్యూ-30 వంటి గుర్తులను అమెరికాలో 1905లో ఏర్పడిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ ప్రమాణం నిర్ణయిస్తుంది. ఇందులోని డబ్ల్యూ అక్షరాన్ని చాలామంది బరువుకు సంకేతం అనుకుంటారు. అది చలికాలానికి ఆంగ్లంలో ఉన్న మాటలోని మొదటి అక్షరం. ముందున్న అంకె చలిలో ఆయిల్ ప్రవర్తనను, వెనుకనున్న అంకె ఇంజిన్ వేడి మీద దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. అత్యవసరంలో అదే గ్రేడు గల మరో కంపెనీ ఆయిల్ కొద్దిగా కలిపినా నష్టం లేదు. అయితే పొగ వడపోత ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే రకాన్నే వాడాలి, ఆ వివరం మాన్యువల్‌లో ఉంటుంది.

ఎక్కువైతే మంచిదే కదా అన్న భావన ప్రమాదకరం. పై గీతను బాగా దాటితే తిరుగుతున్న క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలుకుతుంది. చిలికిన ఆయిల్ నురగ కడుతుంది, పంపు నురగను పీలిస్తే బేరింగులకు అందేది సగం గాలి. ఆ విధంగా ఆయిల్ ఎక్కువైన ఇంజిన్‌లోనూ ఆయిల్ తగ్గినప్పుడు కలిగే నష్టమే కలుగుతుంది. మిగులు ఆయిల్ ఊపిరి గొట్టం ద్వారా గాలి లోపలికి వెళ్లే దారిలో చేరి నీలి పొగగా బయటపడుతుంది. డీజిల్ ఇంజిన్లలో పరిస్థితి విషమిస్తే ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తగలదు. పై గీతను బొత్తిగా స్వల్పంగా దాటితే భయపడనక్కర లేదు. స్పష్టంగా దాటితే మాత్రం మిగులును తీయించాలి.

పెరుగుతున్న మట్టం

ఇంజిన్ ఆయిల్ అంటే తగ్గేదే అని అందరూ అనుకుంటారు. పెరగడం మొదలైతే చాలామంది సంతోషిస్తారు, లేదా కొలతలో పొరపాటని వదిలేస్తారు. ఇటీవలి కార్లలో ఎక్కువగా గమనించవలసింది ఈ పెరుగుదలనే.

దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోత తప్పనిసరి భాగమైంది. మసి నిండినప్పుడు దానిని దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చివేయాలి. ఆ వేడి పుట్టించడానికి చాలా ఇంజిన్లు సిలిండర్‌లో మంట అయిపోతున్న దశలో కొంచెం అదనపు డీజిల్ చల్లుతాయి. అందులో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని, పిస్టన్ రింగులను దాటి సంపులోకి దిగుతుంది. మసి కాల్చే పని హైవే మీద కొద్ది నిమిషాల పాటు ఒకే వేగంతో వెళితే పూర్తవుతుంది. నగరంలో రెండు కిలోమీటర్లకోసారి ఆగుతూ, మధ్యలోనే ఇంజిన్ ఆపేస్తూ ఉంటే ఆ పని మొదలవుతుంది గాని ముగియదు, మళ్లీ మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ మరికాస్త డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. డీజిల్ అంత తేలికగా ఆవిరి కాదు. మట్టం నెలనెలా పైకి పాకుతుంది, చిక్కదనం తగ్గుతుంది. జపాన్ సంస్థ మజ్దా తన కొన్ని డీజిల్ ఇంజిన్ల డిప్‌స్టిక్ మీద పై గీతకు ఎగువన ఇంటూ గుర్తు వేసింది ఇందుకే. మట్టం అక్కడికి చేరకముందే ఆయిల్ మార్చాలి.

పెట్రోలు కార్లలోనూ ఈ సమస్య ఉంది. సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చల్లే టర్బో ఇంజిన్లు చలి ప్రాంతాల్లో, చిన్న ప్రయాణాల్లో పూర్తిగా వేడెక్కవు. మండని పెట్రోలు సంపులోకి చేరుతుంది. ఉత్తర చైనాలో ఇలా ఆయిల్ మట్టం పెరుగుతోందన్న ఫిర్యాదుల నడుమ, 2018 మార్చిలో అక్కడ హోండా తన సీఆర్-వీ కొత్త కార్ల అమ్మకాలను నిలిపివేయవలసి వచ్చింది. తెలుగు రాష్ట్రాల ఎండలో ఆ స్థాయి ఇబ్బంది ఉండదు. అయితే రోజూ పిల్లల బడికి, కూరగాయల మార్కెట్‌కు మాత్రమే తిరిగే కారులో స్వల్పంగానైనా పెట్రోలు, తేమ ఆయిల్‌లో చేరుతూనే ఉంటాయి.

ఇక్కడే ఒక మోసం దాగి ఉంది. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, ఆ లోటును పెట్రోలు, నీరు భర్తీ చేస్తూ ఉంటే పుల్ల మీద మట్టం కదలకుండా ఉంటుంది. యజమాని ఏడాది పొడవునా పుల్లను చూస్తూ తన ఇంజిన్ ఒక్క చుక్క కూడా తాగదని అనుకుంటాడు. తర్వాత కుటుంబంతో హైదరాబాద్ నుంచి తిరుపతికి, దాదాపు 550 కిలోమీటర్లు, ఆగకుండా బయలుదేరతాడు. గంటల తరబడి పూర్తి వేడి మీద నడిచిన ఆయిల్‌లోంచి పెట్రోలు, తేమ ఆవిరై పోతాయి. దాగి ఉన్న లోటు ఒక్కసారిగా బయటపడుతుంది, మట్టం ఒకే ప్రయాణంలో బాగా పడిపోతుంది. ముందున్నది ఘాట్ రోడ్డు, మలుపుల్లో ఆయిల్ పక్కకు ఒరుగుతుంది, తక్కువగా ఉంటే పంపు గాలిని పీల్చుతుంది. అందుకే దూరప్రయాణంలో బయలుదేరే ముందు చూసింది చాలదు. మరునాడు ఉదయం, తిరుగు ప్రయాణానికి ముందు, సమమైన నేల మీద మరోసారి చూడాలి. ఈ రెండో కొలతనే చాలామంది వదిలేస్తారు.

పుల్లను వాసన చూడటం కూడా ఉపయోగకరమే. పెట్రోలో డీజిలో ఘాటుగా తగిలితే, మట్టం పై గీత దాటి ఉంటే, ఆయిల్ మార్పును గడువు వరకు ఆపకూడదు.

ఎర్ర దీపాన్ని నమ్ముకుంటే

డ్యాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ దీపంలా కనిపించే ఎర్ర గుర్తు ఆయిల్ మట్టానికి సంబంధించినదని చాలామంది నమ్మకం. అది తెలిపేది ఆయిల్ పీడనాన్ని. మట్టం కింది గీతకు దిగువన పడిపోయినా పంపుకు అందేంత ఆయిల్ ఉన్నంతకాలం ఆ దీపం వెలగదు. మలుపులో, బ్రేకు వేసినప్పుడు మినుకుమని ఆరిపోవడం చాలాసార్లు తొలి హెచ్చరిక అవుతుంది. నడుస్తుండగా నిలకడగా వెలిగిందంటే పీడనం ఇప్పటికే లేదు. అప్పుడు సురక్షితమైన పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. దగ్గరలో మెకానిక్ ఉన్నాడు కదా అని నడుపుకుంటూ వెళ్లే రెండు కిలోమీటర్లే ఇంజిన్‌ను పాడుచేస్తాయి. ఆపి పుల్ల చూస్తే మట్టం సరిగానే ఉంటే మరింత జాగ్రత్త పడాలి. పంపు, సెన్సర్ ఏదో చెడి ఉంటుంది, కారును తోలించుకుని పోవడమే మార్గం. కొన్ని కార్లలో మట్టానికి విడిగా పసుపు దీపం ఉంటుంది, అది వెలిగితే కొంత వ్యవధి ఉన్నట్లే.

ఎంత తాగితే మామూలు అన్న ప్రశ్నకు తయారీదారుల జవాబు యజమానులను ఆశ్చర్యపరుస్తుంది. కొన్ని మాన్యువళ్లు 1,000 కిలోమీటర్లకు అర లీటరు వరకు, మరికొన్ని ఒక లీటరు వరకు ఖర్చును సాధారణ పరిధిలోనిదే అంటాయి. ఇవి గరిష్ఠ హద్దులు, బాగున్న ఇంజిన్లు ఇందులో చిన్న భాగం కూడా తాగవు. అయినా లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. వెయ్యికి అర లీటరు చొప్పున తాగే ఇంజిన్‌కు 10,000 కిలోమీటర్ల సర్వీసు గడువులో ఐదు లీటర్లు కావాలి. చిన్న కారు సంపులో పట్టేది మూడున్నర. కంపెనీ దృష్టిలో లోపం లేని ఇంజినే సర్వీసుకు చేరేలోపు ఎండిపోగలదు. సర్వీసు సెంటర్‌లో వాదన వచ్చినప్పుడు నిలబడేది కూడా తేదీ, కిలోమీటర్లు, మట్టం, పోసిన పరిమాణం వరుసగా రాసిన చిన్న పట్టికే. నెలకోసారి, లేదా వెయ్యి కిలోమీటర్లకోసారి ఒక వరుస రాసుకుంటే చాలు.

పుల్ల లేని కార్లు

బీఎండబ్ల్యూ వంటి సంస్థల అనేక కార్లలో డిప్‌స్టిక్ ఉండదు. సంపులోని సెన్సర్ మట్టాన్ని కొలిచి తెర మీద చూపుతుంది. చేతికి జిడ్డు అంటదు గాని, కొలత నియమాలు దీనికీ తప్పవు. ఆయిల్ నిర్ణీత వేడికి చేరాలి, కారు సమంగా ఉండాలి, కొన్నింటిలో కొంత దూరం నడిపాక గాని కొలత రాదు. ఆయిల్ మార్చిన వెంటనే తెర పాత విలువనే చూపించవచ్చు. అది చూసి ఇంకా తక్కువే ఉందనుకుని మరో లీటరు పోసిన సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కాదు. పోసిన ఆయిల్ ఎంతో కొలపాత్రతో లెక్కించి, మాన్యువల్‌లోని పరిమాణంతో సరిచూడటం అక్కడ ముఖ్యం.

స్కూటర్లు, మోటార్‌సైకిళ్ల యజమానులకు ఒక్క మాట. పక్క స్టాండు మీద ఉన్న బండిలో మట్టం చూడకూడదు, నిటారుగా నిలపాలి. ఇంకా, మరలు ఉన్న డిప్‌స్టిక్‌ను చాలా స్కూటర్లలో బిగించి కాకుండా, మరల అంచు మీద ఆనించి చూడాలి. బిగిస్తే పుల్ల లోతుకు దిగి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది.

రంగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఆయిల్ నల్లబడింది కాబట్టి పాడైందన్న మాట డీజిల్ కార్ల విషయంలో అసలు చెల్లదు. మార్చిన కొద్ది రోజుల్లోనే అది మసితో నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనుల్లో ఒకటి. పెట్రోలు కారులోనూ గోధుమ రంగు సహజం. రంగు చూసి గడువుకు ముందే ఆయిల్ మార్పించే సలహాలను అనుమానించవచ్చు. ఆయిల్ పోసే మూత లోపల చలికాలంలో కనిపించే పలుచని తెల్లటి జిగురు సైతం చిన్న ప్రయాణాల్లో చేరిన తేమే కావచ్చు, ఒక సుదీర్ఘ ప్రయాణంతో పోతుంది.

పుల్ల మీదనే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం సంగతి వేరు. సంపులోకి నీరో, రేడియేటర్ ద్రవమో చేరింది. లోహపు మెరుపులు కనిపిస్తే లోపల ఏదో అరుగుతోంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఇంజిన్ ఆన్ చేయకూడదు.

వరదల తర్వాత ఈ పరీక్షకు మరింత విలువ వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లో పెద్ద సంఖ్యలో కార్లు నీటిలో నిలిచిపోయాయి. నీరు తీశాక యజమాని చేసే మొదటి పని సాధారణంగా తాళం తిప్పి చూడటం. సిలిండర్‌లో నీరు ఉంటే, అది నొక్కుకుపోయేది కాదు కాబట్టి, ఆ ఒక్క తిప్పుతో కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఇలా జరిగిన నష్టాన్ని మామూలు బీమా పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి, దానికి ఇంజిన్ రక్షణ పేరిట అదనపు పాలసీ ఉండాలి. తాళం జేబులోనే ఉంచి ముందుగా పుల్ల తీయాలి. మట్టం మునుపటి కన్నా పెరిగినా, ఆయిల్ పాలిపోయినా, పుల్ల మీద నీటి బొట్లు కనిపించినా కారును ఆన్ చేయకుండా వర్క్‌షాపుకు తరలించాలి. పుల్ల శుభ్రంగా కనిపించినంత మాత్రాన సిలిండర్‌లో నీరు లేదని హామీ కాదు. నీరు బానెట్ ఎత్తుకు చేరి ఉంటే అప్పుడు కూడా మెకానిక్ చూసే వరకు ఆగాలి.